వినాయకుడి కంటికి పది నంబరు లెన్సు

చిన్న వస్తువు పెద్దగా కనబడితే చాలు, మా మునిచంద్రకు అన్నం అక్కర్లేదు. ఏర్పేడు మెయిన్ రోడ్డు మీద అతనిది పంక్చర్ షాపు, నాది జిరాక్స్ షాపు. మధ్యన ఒక్క రేకు అడ్డం. ట్యూబుకు గాలి పట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని కళ్ళార్పకుండా చూసే చూపు ఇరవై ఏళ్ళుగా అతనికి అలవాటైపోయింది. పని లేనప్పుడూ ఆ చూపు మానడు. ఆరేళ్ళ కిందట తిరుపతిలో ఎవరో అమ్ముకుంటుంటే ఒక పాత హ్యాండీక్యామ్ కొనుక్కొచ్చాడు. అప్పటి నుంచి చీమ మీసాలు, సాలీడు కాళ్ళు, నట్టు మీద తుప్పు, ఇవే తీస్తున్నాడు.

"మా చిన్నాయన కూతురు పెండ్లికి కెమెరా తెమ్మంటే, పెండ్లికూతురు గాజు మీద వాలిన ఈగను తీసుకొచ్చినాడన్నా. పెండ్లికొడుకు యాడా లేడు" అని అతని భార్య రాజశ్రీ నాకు చెప్పుకుని నవ్వింది. ఆ నవ్వులో సగం కోపమే.

అలాంటి మనిషికి పోయిన మాఘమాసంలో ఒక నిజమైన పని తగిలింది. మునిచంద్ర అక్క కుప్పమ్మను ఇచ్చింది పక్కనే మాధవమాలలో, కొయ్య బొమ్మలు చెక్కే ఇంట్లో. బావ వెంకటముని పేరున్న పనివాడు. ఆయన కూతురు లోహితకు పందొమ్మిదేళ్ళు. పదేళ్ళప్పుడే నాయన పక్కన కూర్చుని ఉలి పట్టింది. ఈ రెండేళ్ళుగా ఇంట్లోంచి బయటికి పోయే బొమ్మల్లో సగం ఆ పిల్ల చేతివే, కాని అన్నీ వెంకటముని పేరు మీదే అమ్ముడుపోతాయి. "నాకు రాని సన్నపని దానికొస్తాది" అని ఆయన అందరికీ చెప్తాడు. కూతురి మీద ప్రేమ కొద్దీ అంటున్నాడులే అని అందరూ తలూపుతారు.

నాయుడుపేటలో హైవే పక్కన కల్యాణమండపం కట్టిస్తున్న ఢిల్లీబాబు కూడా అలాగే తలూపాడు. ఆయన తన పూజగదికి అడుగున్నర వేపకొయ్య వినాయకుణ్ణి చేయించుకుంటున్నాడు. అది నచ్చి, మండపం కోసం అష్టలక్ష్ములు కూడా కావాలన్నాడు. వెంకటముని అప్పుడు ఉన్న మాట చెప్పేశాడు. ఈ వినాయకుణ్ణి చెక్కింది లోహితే, ఆ ఎనిమిదీ ఆమే చేస్తుంది, పీఠం మీద ఆమె పేరే ఉండాలి అని.

"కన్ను కూడా పాపే తెరుస్తాదా?" అని అడిగాడు ఢిల్లీబాబు.

"పాపే."

"కన్ను తెరిసే పొద్దే మా బావమరిది పెండ్లి, నేను రాలేను. వీడియో తీయండప్పా, మధ్యలో కోత లేకుండా. కన్ను తెరిసేది నాకు కనబడల్ల. పాప తెరిసిందంటే పీఠం మీద పాప పేరే."

బొమ్మకు అన్నీ అయ్యాక ఆఖరున కన్ను తెరుస్తారు. స్నానం చేసి, ఉపవాసం ఉండి, ముహూర్తం చూసుకుని కూర్చుంటారు. ఎదురుగా అద్దం పెడతారు. దేవుడి మొదటి చూపు ఆ అద్దంలో తన మొహం మీదే పడాలి, ఎదురుగా మనిషెవరూ ఉండకూడదు. తెరిచేది ఒక్కసారే. బాగా రాలేదు, మళ్ళీ తీద్దాం అనడానికి అది సినిమా షూటింగు కాదు. వెంకటముని ఫోనుతో తీసి చూశాడు గాని, దగ్గరికి పోతే మసక, దూరం జరిగితే కన్ను ఆవగింజంత. అందుకని మేనమామ కెమెరా మీద పడింది భారం.

మునిచంద్ర కెమెరాకూ అదే జబ్బు. జూమ్ లాగితే దగ్గరి వస్తువు మీద నిలవదు. ముందర తగిలించుకునే క్లోజప్ లెన్సులు ఉంటాయని ఎక్కడో విని, ఆన్‌లైన్‌లో తెప్పించాడు. వచ్చినవి యాభైరెండు మిల్లీమీటర్ల సైజు, కెమెరా మూతి ముప్పైఏడు. తిప్పి తిప్పి చూసి, రబ్బరు ముక్క చుట్టి చూసి, ఆఖరుకు నన్ను లాక్కుని తిరుపతి బస్సెక్కాడు. నాకు కెమెరాల గురించి ఏం తెలుసని తీసుకుపోయాడో ఇప్పటికీ అర్థం కాదు. తెలియదని చెప్పకుండా పోయినందుకు నన్నే అనాలి.

మేడమీద ఇరుకు గదిలో కెమెరాలు బాగుచేసే బాలసుబ్రమణ్యం మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు.

"ప్లస్ ఒకటంటే మీటరు దూరంలో బొమ్మ మసక లేకుండా నిలుస్తాది. రెండంటే అరమీటరు. నాలుగంటే పావు. పదంటే బెత్తెడు దూరమే. నంబరు పెరిగే కొద్దీ నువ్వు దగ్గరికి పోవల్లప్పా."

"పెద్దగా ఏది కనిపిస్తాది?" అన్నాడు మునిచంద్ర.

"పది. కానీ నీకది వద్దు. రెండు పెట్టుకో, అరమీటరులో కూర్చో, జూమ్ లాగు. సరిపోతాది."

"తక్కువ నంబరు పెట్టి ఎక్కువ చూడమంటారా?"

"అవునప్పా."

మునిచంద్ర నా వైపు చూశాడు. నేను మునిచంద్ర వైపు చూశాను. నాలుగు పదుల వయసులో నాకు పేపరు చదివే అద్దాలు ప్లస్ రెండు రాశారు, మా నాయనకు కన్ను ఆపరేషన్ కాక ముందు ఇంకా మందంగా ఉండేవి. మందం పెరిగితే చూపు పెరుగుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈయనేమో తలకిందులుగా చెప్తున్నాడు. పైగా రెండు గాజులు కలిపి చేసిన మంచి రకం ఒకటుందని బీరువాలోంచి తీసి చూపించాడు. దాని ధర వింటే మునిచంద్ర నెల రోజులు పంక్చర్లు వేయాలి. అది రెండు నంబరుదే. పక్కనే ఒకటి, రెండు, నాలుగు, పది, నాలుగూ కలిపి డబ్బాలో చవగ్గా ఉన్నాయి. ఒక్కటి అంత ఖరీదెందుకు, నాలుగు ఇంత చవకెందుకు అని అడిగితే అంచుల్లో రంగులు, మధ్యలో స్పష్టత అని ఏదో చెప్పాడు. బయటికి వచ్చేసరికి మా ఇద్దరికీ కలిపి ఒక్క ముక్క కూడా మిగల్లేదు. చవక డబ్బా మాత్రం చేతిలో ఉంది.

నా షాపులో జిరాక్స్ మిషను మీద ఒక చింతగింజ పెట్టి పరీక్షలు మొదలుపెట్టాం. ఒకటి తగిలించాం, తేడా లేదు. రెండు తగిలించాం, తగిలించినా తీసినా ఒకటే. జూమ్ లాగితే అంతా మసక. ఇప్పుడు తెలుస్తోంది, అరమీటరు అంటే కొలిచి అరమీటరు పెట్టాలని. మేం ఇంత దూరంలో ఒకసారి, అంత దూరంలో ఒకసారి ఊగుతూ చూశాం. నాలుగూ ఒకదాని మీద ఒకటి బిగిస్తే చింతగింజ అంచున నీలం, ఎరుపు చారలొచ్చాయి. ఒకటి తీసి, రెండు పెట్టి, నాలుగు తీసి, ఏది పెట్టామో ఏది తీశామో మాకే తెలియక మళ్ళీ మొదటికొచ్చాం. జిరాక్స్ కోసం వచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు నిలబడి నిలబడి వెళ్ళిపోయారు.

ఆఖరుకు పది ఒక్కటే బిగించి, గింజ మీదికి వంగాడు మునిచంద్ర. తెర నిండా గింజే. దాని మీద గీతలు, మెరుపు, నా వేలిముద్ర కూడా. "అబ్బా!" అన్నాడు.

"ఇంకేం, పదే పెట్టు. ఆయన రెండన్నది అమ్ముడుపోనిది అంటగట్టడానికి" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఎవరి మీదా తోయడానికి లేదు.

ముహూర్తం రోజు పొద్దున్నే మాధవమాల పోయాం. లోహిత తల స్నానం చేసి, పసుపు పూసుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చుంది. మునిచంద్ర కెమెరా తీసుకెళ్ళి వినాయకుడి ఎదుట పెట్టబోయాడు. కుప్పమ్మ గట్టిగా అరిచింది.

"ఒరే, దేవుడి మొదటి సూపు నీ గాజు మీద పడితే ఎట్లరా? అద్దం ఉండేది యాడికి పోవల్ల?"

ఇక ఆ క్షణం నుంచి మునిచంద్రకు అదొక్కటే దిగులు. ఎదురుగా పెట్టకూడదు, అద్దానికి అడ్డం రాకూడదు, అద్దంలో కెమెరా నీడ కూడా పడకూడదు. పది నంబరేమో బెత్తెడు దూరానికి పొమ్మంటుంది. ఎడమకు జరిపాడు, ఇటుక పెట్టాడు, ఇటుక తీసి చెక్క పెట్టాడు, వెంకటముని అద్దం వెనక నుంచి చూసి ఇంకొంచెం పక్కకు అన్నాడు. చివరికి తొండం పక్కన, చెవి కిందుగా ఒక చోటు దొరికింది. అక్కడి నుంచి కన్ను తెర నిండా కనిపిస్తోంది, దేవుడి చూపుకు మాత్రం కెమెరా అందదు. చెమట తుడుచుకుని, ఇంత కష్టమైన పంక్చరు తన జన్మలో వేయలేదన్నాడు.

లోహిత తొండానికి అవతలి పక్కన కూర్చుని సన్న ఉలి చేతిలోకి తీసుకుంది.

"మామా, నేను నీకు అడ్డమొస్తానా?"

"లేదు తల్లీ, నువ్వు అడ్డం రావులే. నీ పని నువ్వు సూసుకో."

కెమెరా నొక్కాడు. కోత ఉండకూడదని చెప్పారు గనక ముందు లోహిత మొహం వైపు తిప్పి, పేరు చెప్పించి, తర్వాత కన్ను మీదికి తెచ్చి చెక్క మీద నిలబెట్టాడు. పదిహేడు నిమిషాలు పట్టింది. ఆ పిల్ల చేయి కదులుతోందని ఉలి చప్పుడు వింటేనే తెలిసేది, అంత నెమ్మది. నాకు దైవభక్తి అంతంత మాత్రమే గాని, కన్ను పూర్తయి ఆమె పక్కకు జరిగినప్పుడు, అద్దంలోంచి ఆ బొమ్మ చూసిన చూపుకు నేనూ దండం పెట్టాను. వెంకటముని కూతురి తల మీద చేయి పెట్టి, బయటికి పోయాడు.

మూడో రోజు ఢిల్లీబాబు కారేసుకుని వచ్చాడు. నా లాప్‌టాప్ వాళ్ళ వరండాలో పెట్టాం. మొదట పసుపు రంగు పొగలాంటిది ఒకటి కదిలింది, అది లోహిత మొహమని అక్కడుండి తీసిన మాకు తప్ప ఎవరికీ తెలియదు. "లోహిత" అన్న మాట సన్నగా వినబడింది, ఎవరన్నారో తెలియలేదు. తర్వాత కన్ను వచ్చింది. తెర నిండా కన్ను. ఉలి మొన వెంట్రుకవాసి జరిగితే లేచే కొయ్యపొడి, రెప్ప గీత, నల్లగుడ్డు అంచు. కుప్పమ్మ దండం పెట్టుకుంది. మునిచంద్ర ఛాతీ ఇంతెత్తు లేచింది, నాదీ లేచింది.

ఢిల్లీబాబు పదిహేడు నిమిషాలూ కదలకుండా చూశాడు. చూసి, లేచి వెళ్ళి వెంకటముని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏం సెయ్యప్పా నీది! ఇంత సన్నంగా ఇంకెవురు తెరుస్తారు?"

"నాది గాదు సామీ. పాపది."

"పాప పేరు మీద నీకుండే ఆశ నాకు తెలుసు. ఈడ పాప సెయ్యి యాడా కనబడలే. ఈ పని జూస్తే నీ సెయ్యి నేను గుర్తుపట్టలేనా? ఎనిమిది లక్ష్ములూ నువ్వే చేయల్ల. పీఠం మీద నీ పేరే."

మునిచంద్ర ఏదో చెప్పబోయాడు. నేనూ చెప్పబోయాను. లెన్సు అన్నాం, బెత్తెడు అన్నాం, తొండం అడ్డమన్నాం, అద్దం అన్నాం. మాకే అర్థం కాని సంగతి ఆయనకేం అర్థమవుతుంది? నవ్వి, వినాయకుణ్ణి పట్టుబట్టలో చుట్టించి కారెక్కించుకుని వెళ్ళిపోయాడు.

లోహిత వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది.

"మామా, దీంట్లో నేను యాడుండాను?"

మునిచంద్ర మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. ట్యూబులో రంధ్రం వెతికినట్టు తెరకు మొహం ఆనించి వెతికాడు. వేలు కాదు, గోరు కాదు, గాజు కాదు. ఎక్కడా లేదు. నాకు సిగ్గేసింది. పది పెట్టమన్నది నేనేనని ఆ పిల్లకు ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు మాధవమాలలో అష్టలక్ష్ముల పని నడుస్తోంది. మొన్న పోయి చూశాను. నాలుగు అయ్యాయి, నాలుగూ లోహిత చేతివే. ఐదోదాని పీఠం ముందు వంగి కూర్చుని, సన్న ఉలితో నాయన పేరు చెక్కుతోంది.