తిప్పి కట్టిన ఫ్లెక్సీ

నా రాత వంకరగా ఉంటుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ భయమే. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఏమనుకోకండి. ఇప్పుడు పేపర్లో రాజకీయ కార్టూన్లు వేసే ఒకతను పాలమూరులో డిగ్రీ చదివింది మా చాయ్ డబ్బా బెంచీ మీదే. అందుకే రాస్తున్నాను.

మా డబ్బా కాలేజీ గేటు పక్కన. జాగా మాది కాదు. ఏ పెద్దమనిషికి కోపం వచ్చినా ఒక్క పూటలో లేపేస్తారు. ఎన్నికలయ్యాక పారేసిన ఫ్లెక్సీ ఒకటి తెచ్చి రోడ్డు వైపు ఎండకు అడ్డం కట్టుకున్నాం. బయటికి మా లీడరు దండం పెడుతూ నవ్వుతుంటాడు. లోపలి తెల్ల వైపున ఈ కార్టూన్ల పిల్లాడు నల్లరంగుతో అదే లీడరును గీశాడు. తీగ మీద రకరకాల పార్టీల కండువాలు ఆరేసి, ఏది ఎండితే అది మెడలో వేసుకుంటున్నట్టు. చాయ్ తాగేవాళ్లంతా నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని.

మా ఆయనకు ఆ లీడరంటే ప్రాణం. ఒకనాడు ఫ్లెక్సీ విప్పి తిప్పి కట్టాడు.

"ఎండకు సారు మొఖం తెల్లవడ్తాంది. లోపలికి తిప్పిన. బయట గా బట్టలు ఆరేసేటోడు ఉంటె ఏమాయె?"

ఆయన అటు పోయాడో లేదో, కాలేజీలో మీటింగుకు వచ్చిన లీడరు జీపు మా ముందే ఆగింది. దిగి, బొమ్మను చాలాసేపు చూశాడు. లోపలికి వచ్చి, నవ్వుతున్న తన ఫొటో ఎదురుగా కూర్చున్నాడు. అదే బెంచీ చివర పిల్లాడు గ్లాసులో మొఖం దాచుకున్నాడు.

"బయట గా బొమ్మ ఎవలు గీసిన్రమ్మా?"

"తెల్వదు సారూ, పిల్లలెవరో."

"మంచిగ గీసిన్రు. గా అవుతలి పార్టోడు అచ్చం గట్లనే." తన వెంట వచ్చినవాళ్ల వైపు తిరిగాడు. "వీళ్లు మనోళ్లేరా. నన్ను నీడకు పెట్టి గాణ్ని ఎండకు పెట్టిన్రు. గీ డబ్బాను ఎవలూ ముట్టొద్దు."

జీపు పోయాక కూడా పిల్లాడు గ్లాసు దించలేదు.

"అక్కా, గది ఆయన బొమ్మనే."

"నాకు తెల్వదా? గుర్తువట్టలే గనకనే ఇంకా చాయ్ కాస్తున్న."

"గుర్తువట్టకపోతే ఇగ నేనేం గీసినట్టు?"

ఏడుపొక్కటే తక్కువ. అప్పటి నుంచి క్లాసుకు పోయాడో లేదో గానీ, మా బెంచీ మీద కూర్చుని వచ్చిన గిరాకీ ముక్కులన్నీ గీశాడు. "నాది గింత లావా?" అని మా ఆయన అలిగాడు కూడా.

ఇప్పుడు పేపరు తెరిస్తే, కింద రాసింది చదవకముందే అది ఎవరి ముక్కో చెప్పేస్తాను. ఆ పనితనం అప్పుడే వచ్చి ఉంటే మా డబ్బా లేచిపోయేది. అతని తప్పు మాకు అన్నం పెట్టింది. నా రాతలో తప్పులు ఎవరికీ అంత మేలు చేయవు గానీ, జర మన్నించి చదువుకోండి.