పెడలుకు కట్టిన ఉయ్యాల తాడు

మా ముందుగదిలో పిన్ని కుట్టుమిషను చప్పుడు వింటూ పెరిగాను. గుండీ ఊడిన ప్రతివాళ్లూ ఆమె దగ్గరికే వచ్చేవారు. అందుకే వీధంతా ఆమెను గుండీల పిన్ని అనేది. "ఈ నడుముకి టేపు చాలదమ్మా, చేంతాడు పట్టుకురా" అని ఆటపట్టిస్తూనే కొలతలు తీసేది. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఉయ్యాల తాడును మిషను పెడలుకు కట్టడం పిన్ని సొంత తెలివి. కాలు ఆడిస్తే బట్టా కుట్టుపడేది, ఉయ్యాలా ఊగేది. అమ్మ ఉద్యోగానికి వెళ్తే నన్ను అలాగే పెంచింది. చేతిలో పని అయిపోయినా ఉత్త మిషను తొక్కుతూ కూర్చునేదట. చప్పుడు ఆగితే చాలు, నేను లేచి రాగం అందుకునేదాన్నట.

తర్వాత ఆమెకూ ఆడపిల్ల పుట్టింది. నెలల పిల్ల, ఒక మధ్యాహ్నం ఉయ్యాలలోనే కన్నుమూసింది.

"పిల్ల గుక్కపట్టి ఏడ్చి ఠక్కున ఆగిందండీ. మిషను మాత్రం సాయంత్రం దాకా ఆగలేదు" అని పక్కింటావిడ కోర్టులో చెప్పింది. బిడ్డ నోరు నొక్కేసి తాపీగా బట్టలు కుట్టుకుందని పిన్నికి శిక్ష వేశారు. ఆమెకు ఏడుపే తప్ప మాట రాలేదు. ఇక ఆ తాడు మాకెంత మామూలంటే, దాని గురించి చెప్పాలని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. అప్పుడు మా బుర్రలు ఏ గడ్డి మేస్తున్నాయో!

అప్పీలు చేపట్టిన లాయరుగారు ఇంటికొచ్చి, ఉయ్యాల కొక్కేన్నీ మిషను ఉండే చోటునీ మార్చి మార్చి చూశారు.

"ఇక్కడ కూర్చుని ఉయ్యాల ఎలా ఊపేదమ్మా?"

"కాలితోనండీ" అంది అమ్మ.

పోలీసులు పట్టుకెళ్లిన మిషనును పై కోర్టుకు తెప్పించారు. పెడలుకు తాడు ముడి అలాగే ఉంది. ఆ తల్లి బట్టలు కుట్టుకోలేదు, బిడ్డ నిద్రపోతోందనుకుని ఊపుతూనే ఉందని లాయరుగారు వాదించారు. బిడ్డ ఒంటిమీద ఏ గుర్తూ లేదన్న డాక్టరు మాటనూ గుర్తుచేశారు. శిక్ష కొట్టేశారు.

పిన్ని ఇంటికొచ్చింది, మిషనూ వచ్చింది. వీధివాళ్లు గుండీలు తెచ్చేవారు గానీ చంటిపిల్లల్ని మాత్రం చంకలో అదిమి పట్టుకునేవారు. పిన్ని చూసీ చూడనట్టు ఊరుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది.

నాకు కూతురు పుట్టాక ఆ గదిలోనే ఉయ్యాల వేసి, తాడు నేనే పెడలుకు కట్టాను.

"పిన్నీ, కళ్లు మూతలు పడుతున్నాయి. దీన్ని కాస్త చూడవూ?"

"నేనా?"

"నన్ను పెంచింది ఎవరట మరి?"

మళ్లీ ఆ చప్పుడు వింటూ నిద్రపోవాలని ఆశగా పడుకున్నాను. ఎంతకీ వినిపించలేదు. లేచి వెళ్లి చూస్తే తాడు విప్పేసి ఉంది. పిన్ని ఉయ్యాల పక్కన నేలమీద కూర్చుని, పాప గుండెలమీద అరచెయ్యి ఆనించి ఉంది.

"ఊపిరి తీస్తూనే ఉందే" అంది నన్ను చూసి.