సున్నం తుడిచిన లొట్టి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కొన్ని తాటిచెట్లకు నెంబర్లుండేవి, కొన్నిటికి ఉండేవి కావు. నరసాపురం రేవు దాటి గోదావరి అవతలి గట్టుకు వస్తే, సముద్రపు గాలి తగిలేంత దూరంలో మా ఊరు. కల్లు గీసే చెట్లకు ఎక్సైజు వాళ్ళు పన్ను కట్టించుకుని, మానుమీద నల్లరంగుతో నెంబరు వేసేవారు. మా తాతయ్య చెట్లకు నెంబరు లేదు. ఆయన గీసేది బెల్లం కోసం. చెట్టుకు కట్టే చిన్న కుండను మేం లొట్టి అంటాం. దాని లోపల సున్నం పూస్తే, రాత్రంతా కారిన నీరా పులియకుండా తియ్యగా ఉంటుంది. పూయకపోతే తెల్లారేసరికి కల్లవుతుంది. తియ్యని నీరాకు పన్ను లేదు, కల్లుకు ఉంది.

శివరాత్రి వెళ్ళిన కొత్తలో పొద్దున్నే ఊరంతా మంచు పట్టేది. చెట్ల తలలు కనిపించేవి కావు. ఆ తెల్లదనంలోంచి ముందు తాతయ్య పాదాలు, తరువాత నడుముకు కట్టిన లొట్లు, ఆఖరున ఆయన ముఖం కిందికి దిగివచ్చేవి. చాలాకాలం వరకు నీరా మబ్బుల్లో దొరుకుతుందనే అనుకున్నాను. అమ్మమ్మ పెద్ద పెనం కింద మట్టలు ఎగదోసేది. బెల్లం వాసన, పొగ, మంచు కలిసిపోయి, నేను నిద్ర లేచానో లేదో నాకే తెలిసేది కాదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మీ నీరా సున్నం కంపు కొడుతుందని స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్ల అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. కంపు లేని నీరా తాగించి దాని నోరు మూయించాలనుకున్నాను. ఆ సాయంత్రం, పూసి ఆరబెట్టిన లొట్లలో చిన్నదాన్ని తీసుకుని, తడి గుడ్డతో, గుడ్డ అందని చోట వేళ్ళతో, సున్నమంతా తుడిచేశాను. తాతయ్యకు చూపు మందగించింది. మసక వెలుతురులో ఆ లొట్టిని కూడా మిగతావాటితో పాటే చెట్టుకు కట్టి వచ్చారు.

మర్నాడే ఎక్సైజు ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మోపెడ్ గట్టుమీద ఆపి, దించిన లొట్లను ఒక్కొక్కటిగా వాసన చూస్తూ వచ్చారు. చిన్న లొట్టి దగ్గర ఆగిపోయారు. దాని మూతి మీద తెల్లటి నురుగు బుసబుసమంటోంది.

"ఇది కల్లండి. చెట్టుకు నెంబరేది?" అన్నారు.

తాతయ్య లొట్టిని అందుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని లోపలికి చూశారు. అడుగున మిగిలిన సున్నంలో నా వేళ్ళ చారలు ఆయనకు కనిపించే ఉంటాయి. ఒక్కసారి నావైపు చూసి, ముఖం తిప్పుకున్నారు.

"నాదే తప్పండి. ముసలోణ్ణి కదండీ, సున్నం సరిగ్గా పట్టించలేకపోయాను."

ఇన్‌స్పెక్టరుగారు పుస్తకం తెరిచారు. కేసు రాస్తే బెల్లం కోసం చెట్లు గీసుకునే పర్మిట్టు పోతుందని నాకు తెలుసు. ఆ బెల్లం మీదే మా ఇల్లు గడిచేది. అమ్మమ్మ పెనం దగ్గరే నిలబడిపోయింది, మంట ఎగదోయడం కూడా మరిచిపోయి. పారిపోదామనిపించింది. కాని తప్పు నాది, తలవంచుకుని నిలబడింది మా తాతయ్య. అది చూడలేకపోయాను.

"నేనే తుడిచానండి," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని చూశారు. సున్నం తగిలి వేళ్ళ కొసలు ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. లొట్టిలోని కల్లంతా ఇసుకలో పారబోశారు. హెచ్చరిక ఒకటి రాసి, తాతయ్య చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఖాళీ లొట్టిని అమ్మమ్మ చేతికి జాగ్రత్తగా అందించి, గట్టుమీద నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఆ పన్ను ఎందుకండీ అని ఏడుపు మధ్యలోనే అడిగాను. ఒక చోట తయారైన వస్తువు మీద, అది తయారైన చోటే వేసే పన్నును ఎక్సైజు అంటారని చెప్పారు. ఒకప్పుడు అగ్గిపెట్టె కూడా సర్కారు కాగితం పట్టీ అంటించందే ఫ్యాక్టరీ గడప దాటేది కాదట. మా టీచరు జీతంలో, వరదకు ముందు ఏటిగట్టు మీద పోసే మట్టిలో ఆ డబ్బు ఉంటుందన్నారు. అందుకే ఒకరు కట్టి ఇంకొకరు ఎగ్గొడితే, కట్టినవాడికి అన్యాయం జరుగుతుందన్నారు.

అప్పుడు తాతయ్య, ఎన్నడూ మాకు చెప్పని సంగతి చెప్పారు. తెల్లదొరల కాలంలో ఉప్పుకు పన్నుండేదట. ఉప్పుటేరు ఒడ్డున తెల్లగా పేరుకున్న చవుడు ఇంటికి తెచ్చుకున్నా నేరమే. చంటిపిల్లల తల్లి అయిన ఆయన అమ్మ, గుప్పెడు ఉప్పు కోసం ఆ చవుడు కలిపిన నీళ్ళు కాస్తుంటే సర్కారు బంట్రోతులు వచ్చి కుండ పగలగొట్టారట. ఇంట్లో ఉన్న కుండ అదొక్కటే.

"మా అమ్మ పెంకులేరుకుంటా ఏడ్సింది బాబూ. ఏడేళ్ళోణ్ణి, ఏం సెయ్యలేక పక్కన నిలబడ్డాను," అన్నారు. అమ్మమ్మ చేతిలోని లొట్టి వైపు చూసి, "మీరు కుండ తిరిగిచ్చారు," అన్నారు.

అమ్మమ్మ తాటాకు దొన్నెలో తియ్యటి నీరా పోసి ఇస్తే ఇన్‌స్పెక్టరుగారు తాగి, సున్నం కొంచెం ఎక్కువే పడిందండీ అని నవ్వి వెళ్ళిపోయారు. మంచు విడుతోంది. మోపెడ్ చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది.

తాతయ్య నన్ను తిట్టలేదు. నా వేళ్ళకు కొబ్బరినూనె రాశారంతే.

ఇప్పుడు నేను పన్నుల ఆఫీసులోనే పనిచేస్తున్నాను. రావలసిన పన్ను విడిచిపెట్టను. అయితే ఎవరైనా పెద్దవాళ్ళు నోటీసు పట్టుకుని, తడబడుతూ నా బల్ల ముందుకు వస్తే, ముందు కుర్చీ చూపించి కూర్చోమంటాను. కాగితాలు అడిగేది ఆ తరువాతే.