ఆ మాట అలా అడగవచ్చా?

నిజాం రాజ్యం మీద పోలీసు యాక్షన్ అయిన కొన్నాళ్లకు నేను సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుంటున్నాను. మా వార్డులో జైనబ్బీ అనే ఆమె ఉండేది. ఆ గొడవల్లో ఆమె భర్త కనిపించకుండా పోయాడు. ఆమె సరిగా తినేది కాదు, ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఒక మధ్యాహ్నం తల దువ్వుకుని, నవ్వుతూ నన్ను పిలిచింది. తన వెండి ఉంగరం తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు పెట్టుకో బిడ్డా. నాకింక ఏ తక్లీఫ్, ఏ బాధ లేదు" అంది. కోలుకుందని సంతోషించాలో, ఇదేమిటని కంగారుపడాలో తెలియక పెద్ద నర్సు సుందరమ్మగారికి చెప్పాను.

ఆవిడ తింటున్న అన్నం వదిలేసి వచ్చారు. మంచం మీద కూర్చుని మెల్లగా, "జైనబ్బీ, చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని అడిగారు.

లేని ఆలోచన ఈవిడే పుట్టిస్తున్నారేమో అనుకున్నాను. జైనబ్బీ "అవునమ్మా" అని భోరుమంది. సుందరమ్మగారు ఊరుకోమనలేదు, బుద్ధులు చెప్పలేదు. చెయ్యి పట్టుకుని అంతా విన్నారు. "ఈమెను ఒంటరిగా విడవకు" అని నాకు చెప్పారు. ఉంగరం ఆమె వేలికే తొడిగి, ఆ రోజు నుంచి వంతులవారీగా పక్కనే కూర్చున్నాం.

కొన్ని వారాలకు మౌలాలి నుంచి వాళ్ల అక్క వచ్చి తీసుకుపోయింది. వెళ్తూ జైనబ్బీ నాతో, "ఏందమ్మా, గంత మాట మొఖం మీదనే అడుగుతరా?" అంది. కోపమో ఏమో నాకు అర్థంకాలేదు. "అడగకుంటె నేను చెప్పకపోతుంటి" అని నా తల నిమిరింది.

ఆమె భర్త దొరికాడో లేదో తెలియదు. తర్వాత ఎందరో రోగులను నేనూ ఆ మాట అడిగాను. అడిగిన ప్రతిసారీ భయంగానే ఉండేది. అయినా అడిగాను.