ఆళ్లగడ్డ దారిలో పాలరాతి వేళ్లు

నేను కర్నూలులో పిల్లలకు డ్రాయింగ్ నేర్పే టీచర్ని. బ్రిటిష్ చిత్రకారుల గురించి ఇన్నేళ్లు పుస్తకంలోని బొమ్మలు చూపించి పాఠం చెప్పానే తప్ప, ఒక్క చిత్రాన్నీ ఎదురుగా నిలబడి చూసింది లేదు. అందుకే నంద్యాలలో ఒక చిన్న గ్యాలరీలో బ్రిటిష్ చిత్రాలు, శిల్పాల ప్రదర్శన పెడుతున్నారని తెలియగానే వెళ్లాలనిపించింది. ఒకప్పుడు ఇక్కడి మిషన్ బడుల్లో పనిచేసిన దొరసానులు వెళ్లిపోతూ ఇచ్చినవి కొన్ని క్రైస్తవ కుటుంబాల ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటిని అడిగి తెచ్చినవారు ప్రభుదాస్ గారు, రిటైరైన మాస్టారు. నాకు పాత పరిచయం. ప్రారంభం సాయంత్రం నాలుగింటికి, జనం రాకముందే వచ్చి తీరిగ్గా చూసుకో అన్నారు.

పొద్దున ఆరున్నర బస్సెక్కితే తొమ్మిదికి ముందే నంద్యాలలో దిగాను. బస్టాండు బయట ఇడ్లీ తిని, ఆటోకు యాభై ఇచ్చి గ్యాలరీ చేరాను. రెండు గదులే. మొదటి గదిలో నీటిరంగుల చిత్రాలు. ఒకదానిలో తడిసిన పొలం, దాని మీద బూడిదరంగు మబ్బు. కాగితం ఇంకా ఆరనట్టే ఉంది. "వాళ్లకు ఈ మబ్బంటే ఇసుగంట. మనమేమో దీనికోసం మెడలు నొప్పి పుట్టేదాంకా పైకి సూస్తాం" అని నవ్వుతూ ప్రభుదాస్ గారు కుర్చీలు చూసుకోవడానికి బయటికి వెళ్లారు.

రెండో గదిలో ఒకే శిల్పం. జానెడు ఎత్తున్న పాలరాతి పిల్ల, ఒళ్లో పుస్తకం పెట్టుకుని పేజీ తిప్పబోతోంది. సుగుణమ్మ టీచర్ అనే పెద్దావిడది. చెక్కిన వాళ్ల పేరు అడుగున ఉంటుందేమోనని ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో ఫోన్ పట్టి ఫోటో తీయబోయాను. ఎవరినీ అడగలేదు. బొమ్మ అనుకున్నదాని కంటే బరువు. మణికట్టు వాలి, బొమ్మ చెయ్యి బల్ల అంచుకు తగిలింది. టక్కున చిన్న చప్పుడు. పేజీ తిప్పే రెండు వేళ్లు విరిగి ఇనుప బల్ల మీద పడ్డాయి.

బొమ్మను ఎలా కింద పెట్టానో గుర్తులేదు. అంతలోనే ప్రభుదాస్ గారు లోపలికి వచ్చారు. వెనకే మౌలాలి, పొద్దున ఆ బొమ్మను సుగుణమ్మగారి ఇంటి నుంచి తెచ్చి బల్ల మీద పెట్టిన ఆటో డ్రైవరు. సారు విరిగిన చేతిని చూసి అతని వైపు తిరిగారు. "ఏందప్పా ఇది? గుంతలు సూస్కొని తోలల్యా? ఇంగ నా పనికి నువ్వు రావాకు."

"బిడ్డను తొట్లో పండబెట్టినట్ల తెచ్చినా సార్" అన్నాడు మౌలాలి.

నేనే అని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట వేరు: "ఆళ్లగడ్డలో శిల్పులున్నారుగా, నేను తీసుకెళ్లి అతికించుకొస్తాను."

ఇంకో బండి కోసం చూసే సమయం లేదు. పదిన్నరకు మౌలాలి ఆటోలోనే బయలుదేరాం, రానూపోనూ పదిహేను వందలకు. నలభై కిలోమీటర్లు పైనే. బొమ్మ దుప్పట్లో చుట్టి నా ఒళ్లో, వేళ్లు దూది పెట్టిన డబ్బాలో. ప్రతి గతుకు దగ్గరా అతను బండిని దాదాపు ఆపేస్తున్నాడు. లారీలు హారన్ కొడుతూ దాటిపోతున్నాయి. శిరివెళ్ల దగ్గర టీ కోసం ఆపినప్పుడు గ్లాసు పట్టుకుని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు: "యాడ ఇరిగిందో అర్థం కాకుండాది మేడం. ఒక్కొక్క గుంత గుర్తు తెచ్చుకుంటాండా."

ఇక నా వల్ల కాలేదు. "నీ బండిలో కాదు. నా చేతిలో విరిగింది" అన్నాను.

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఆడ యాల సెప్పల్యా?"

"భయమేసింది."

"నాకు పని పోయింది మేడం." నా ఫోన్ వైపు చూపించాడు. "ఫోన్ సెయ్. ఇప్పుడే సెయ్. నాకు ఇనపడేట్ల సెప్పు."

స్పీకర్ పెట్టి ప్రభుదాస్ గారికి అంతా చెప్పాను. ఆయన, "మౌలాలీ, ఉండావా? తప్పయింది నాయనా" అన్నారు. నాతో ఏమీ అనకుండానే పెట్టేశారు.

ఆళ్లగడ్డ చేరేసరికి పన్నెండు. రోడ్డు పక్కనే శిల్పుల షెడ్లు, రాయి కోసే మిషన్ల రొద, గాలి నిండా ధూళి. బ్రహ్మయ్య అనే నడివయసు శిల్పి బొమ్మను రెండు చేతులా అందుకుని నీడలోకి తీసుకెళ్లాడు. వేళ్లను అరచేతిలో వేసుకుని తిప్పి చూశాడు. "గోరు కింద మడత కూడా తీసినాడు సూడు. గట్టి పనోడు." నాకు ప్రాణం లేచొచ్చింది. అతుకుతుందా అని అడిగాను.

"అతుకుతాది. రెండు గంటలు కదిలీకూడదు. ఎవరిదమ్మా ఇది?"

"ఒక పెద్దావిడది. ఆమెకింకా తెలియదు."

అతను వేళ్లను మళ్లీ డబ్బాలో పెట్టేశాడు. "ఆమెకు సెప్పకుండా నేను ముట్టను. రేపు ఈ అతుకు గీత ఎవరేసినారంటే నా పేరే వస్తాది."

నాలుగింటికి తిరిగి చేరాలంటే ఒక్క నిమిషం కూడా వృథా చేసే వీల్లేదు. ప్రభుదాస్ గారి దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. నేనెవరో, ఏం చేశానో చెప్పాను. "ఏ వేళ్లు?" అన్నారు సుగుణమ్మగారు. చెప్పాను. "అతికిచ్చొద్దు. అట్లే తీస్కరా."

తిరుగు దారిలో మౌలాలి మామూలు వేగంతోనే నడిపాడు. నేను బొమ్మను రెండు చేతులా పట్టుకున్నాను.

సుగుణమ్మగారు అప్పటికే రెండో గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. శుక్లాల వల్ల చూపు బాగా తగ్గింది. డబ్బా అందించాను. వేళ్లను తడిమి, బొమ్మ చేతిని తడిమి, విరిగిన చోట బొటనవేలు ఆనించి ఉంచారు. "మా అమ్మ దినామూ తడిగుడ్డతో తుడిచేది వీటినే" అన్నారు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "అతికిచ్చి తెచ్చింటే నా కండ్లకు కనపడేది కాదు. చేతికి తగిలేది. సెప్పకుండా తెచ్చింటే నిన్ను గడప తొక్కనిచ్చేదాన్ని కాదు."

ఆవిడ వేళ్లను నా అరచేతిలో పెట్టారు.

"బొమ్మ ఇట్లే పెట్టండి. వేళ్లు పక్కన పెట్టండి. ప్రదర్శన అయినాక నన్ను ఆళ్లగడ్డకు తీస్కపోదువు. బొమ్మను మాత్రం నువ్వు పట్టుకోవాకు. నేను పట్టుకుంటా."

తర్వాతి వారం మౌలాలి ఆటోలోనే వెళ్లాం. బ్రహ్మయ్య అతికించాడు. సన్నని గీత ఉంది. ఆవిడ దాన్ని గోటితో గీరి చూసి, సరే అన్నారు. ప్రభుదాస్ గారు నాతో మాట్లాడుతున్నారు కానీ మునుపటి చనువు లేదు. అందులో తప్పేమీ లేదు. చిత్రాలు చూడటానికి వెళ్లిన నాకు ఆ రోజు నుంచి ఎక్కువగా గుర్తున్నది శిరివెళ్ల టీ కొట్టు దగ్గర మౌలాలి ముఖం. ఒక రాతి ముక్క విరిగిందని భయపడి, ఒక మనిషి పని పోతుంటే చూస్తూ నిలబడ్డాను. మీకు రాస్తున్నప్పుడు దాన్ని వదిలేసి మబ్బుల గురించి మాత్రమే రాయవచ్చు. రాయబుద్ధి కాలేదు.

వెళ్లేవారికి ఒక మాట: పాత రాతిబొమ్మ ఏదైనా బాగుచేయించడానికి ఆళ్లగడ్డ వెళ్తుంటే, విరిగిన ముక్కలను నీళ్లతో కడగకుండా, జిగురు తగలనివ్వకుండా, దూదిలో విడిగా పెట్టుకుని పొద్దున పదింటికల్లా చేరండి. అతుకు ఆరడానికి రెండు గంటలు పడుతుంది. సొంతదారును వెంటబెట్టుకుని వెళితే మరీ మంచిది.