గుమ్మంలో నఫ్తలి

ఆంట్వెర్ప్‌లో వజ్రాలు సానబట్టే నఫ్తలికి గడప దాటడమంటే పెద్ద పంచాయితీ. టోపీ పెడతాడు, తీస్తాడు, మళ్లీ పెడతాడు. రోజూ సాయంత్రం స్టేషన్‌కెళ్లి, రైలు దిగే ముసలమ్మల ముఖాల్లోకి వంగి చూస్తాడు. యుద్ధం ముగిసి ఏడాది దాటింది. పోలండ్‌లో ఉండిపోయిన అమ్మానాన్నలు ఉన్నారో పోయారో చెప్పేవాళ్లే లేరు. పండగ నాడు యూదుల ప్రార్థనా మందిరంలో పోయినవాళ్లను తలుచుకునే వేళ, తల్లిదండ్రులిద్దరూ బతికున్నవాళ్లు లేచి బయటికి వెళ్లిపోవడం ఆచారం. ఒకప్పుడు సగం మంది తోసుకుంటూ వెళ్లేవాళ్లు. ఈసారి లేచింది నఫ్తలి ఒక్కడే. లోపలివాళ్లు అతన్ని అసూయగా చూశారు. అతను గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"లోపలికా, బయటికా? ఏదో ఒకటి తేల్చరా నాయనా, చలిగాలి కొడుతోంది," అన్నాడు తలుపు దగ్గరుండే ముసలి మెండెల్.

"నన్నడుగుతావేం తాతా? పైవాణ్ణడుగు. నాకే తెలిస్తే ఇక్కడెందుకు వేలాడతాను?" అంటూ నఫ్తలి బయటికి అడుగేశాడు.

మెండెల్ తలుపు దగ్గరగా వేశాడు. లోపల ఒక్కొక్కరూ పోయిన తమవాళ్ల పేర్లు చెప్పుకోవడం వినిపిస్తోంది. వాళ్లతోపాటు నఫ్తలి పెదవులూ కదిలాయి. అమ్మ పేరులో మొదటి అక్షరం పైకి రాగానే, గబుక్కున అరచేత్తో నోరు మూసుకున్నాడు.