తాళం వేసిన ఫోల్డర్లో మా అవ్వ

దెయ్యాలను నమ్మే మనిషిని కాను. తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాణ్ణి. తెర మీద ఏదైనా వింత కనిపిస్తే వైరస్ అంటాను, కాదంటే కరెంటు అంటాను. ఇది మాత్రం ఆ రెండూ కాదు.

మా ఇల్లు తిరుత్తణిలో. మా అవ్వది మహా నోరు. మధ్యాహ్నం భోజనం కాగానే వక్క నములుతూ చుట్టాలందరినీ వరసపెట్టి తిట్టేది. ఆ తెలుగు ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ రాదు, బడిలో మేమంతా అరవం చదువుకున్నవాళ్ళం. అందుకని ఆమెకు తెలియకుండా ఆ తిట్లు నా కంప్యూటర్లో రికార్డు చేసుకునేవాణ్ణి. అవ్వ పోయాక ఆమె గొంతు మిగిలింది అక్కడే.

కానీ అవి బయటపడితే కొంప మునుగుతుంది. సగం తిట్లు మా అక్క మొగుడి మీదే. బావ ఎప్పుడొచ్చినా నేరుగా నా కంప్యూటర్ ముందే కూర్చుంటాడు. అందుకే ఆ ఫోల్డర్‌కు 'ఇన్‌కమ్ ట్యాక్స్' అని పేరు పెట్టి, కనిపించకుండా దాచి, పైన పాస్‌వర్డ్ కూడా వేశాను. మా ఊళ్ళో పాస్‌వర్డ్ అంటే అందరిదీ కొండమీది సామి మురుగన్ పేరే, బావ మొదట అదే కొట్టి చూస్తాడు. కాబట్టి ఎవరూ ఊహించలేనిది పెట్టాను. చివరికి నేను కూడా ఊహించలేకపోయాను.

తోచిన మాటలన్నీ కొట్టాను. కంప్యూటర్ షాపాయన చూసి, "ఫార్మాట్ కొట్టేది తప్ప వేరే దోవ లేదు తమ్ముడా" అన్నాడు. అంటే అవ్వ రెండోసారి పోయినట్టే. నాకు ఏడుపొచ్చింది. కొండవైపు తిరిగి దండం పెట్టి, ఫోల్డర్ తెరుచుకుంటే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను.

మరునాడు పొద్దున అది పాస్‌వర్డ్ అడక్కుండానే తెరుచుకుంది.

రైలుకు టైమైంది, సాయంత్రం వచ్చి కాపీ చేసుకుందాం అనుకున్నాను. ఆదివారం ఆర్.కె.పేటలో నాకు పెళ్ళిచూపులు. ఉన్నదే పలచని జుట్టు. చూపులు కానిచ్చి కొండెక్కుదాంలే అని కూడా అనుకున్నాను. మనసులోనే, ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫోల్డర్ మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది.

ఆదివారం తెల్లవారుతూనే కొండెక్కాను. గుండుకు చందనం పూసుకుని ఇంటికొస్తే అమ్మ కూలబడిపోయింది. "పిల్లను చూసేదానికి పోయే దినం! ఈ తలకాయతో యాడికొస్తావురా?" అని అరిచింది.

నేను నేరుగా కంప్యూటర్ దగ్గరికి పోయాను. ఫోల్డర్ తెరుచుకుంది. అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాకే ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు చూశాను, చివర్లో నేనెరగని ఫైలు ఒకటి ఉంది. నొక్కాను. వక్క నమిలే చప్పుడు, ఆ తర్వాత అవ్వ గొంతు.

"గుండు కొట్టించుకున్నావా నాయనా? సామినే ఏమార్చేదానికి చూస్తివే, దొంగ నాబట్టా! పో, ఆ పిల్ల నిన్ను చూసి నవ్వుతాది. నవ్వితే సరే అనెయ్."

ఈ కంప్యూటర్ కొన్నాక, అవ్వ బతికుండగా నేను గుండు చేయించుకున్నదే లేదు. పైగా బతికినన్నాళ్ళూ ఆమె తిట్టనిది నన్నొక్కణ్ణే.

ఆ పిల్ల నా తల చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. సరే అన్నాను. పెళ్ళయింది.

ఆ ఫైలు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మొన్న చూస్తే ఫోల్డర్లో అలాంటిదే ఇంకొకటి చేరి ఉంది. అది మా ఆవిడ గురించేనని నా అనుమానం. అవ్వ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుంటోంది, నొక్కడానికి ధైర్యం చాలడం లేదు. మా ఆవిడ కంటపడకుండా ఫోల్డర్‌కు మళ్ళీ పాస్‌వర్డ్ వేశాను. మరిచిపోయినా ఫరవాలేదు, జుట్టు మళ్ళీ పెరిగింది.